తేదీ దిద్దితే ఆయుష్షు పెరుగుతుందా?

కువైట్‌లో ఉండే తెలుగువాడికి గడువు అంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టుకు గడువు, అకామాకు గడువు, సివిల్ ఐడీకి గడువు, డ్రైవింగ్ లైసెన్సుకు గడువు. పాస్‌పోర్టు గడువు దాటి అకామా కొట్టరు. అకామా లేకపోతే సివిల్ ఐడీ లేదు. ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి వేలాడుతుంటుంది. 2019 మార్చి నుంచి పాస్‌పోర్టులో అకామా స్టిక్కరు వేయడం మానేసి సివిల్ ఐడీనే ఆధారం చేశాక ఈ సంగతి మనకు మరీ బాగా తెలిసొచ్చింది. కార్డు చేతిలోనే ఉంటుంది, మీద ఫొటో కూడా చక్కగా ఉంటుంది. దాని వెనకాల అకామా చచ్చిపోయి ఉంటే మాత్రం అది ఉత్త ప్లాస్టిక్ ముక్క.

సరిగ్గా ఈ సంగతి మీదే ఒక కంప్యూటర్ భాష నిలబడి ఉందంటే నమ్ముతారా? దాని పేరు రస్ట్. అంటే తుప్పు. షువైఖ్ పోర్టు వైపు ఉప్పు గాలికి ఎర్రబడే ఊచలతో రోజూ తంటాలు పడే మాకు ఆ పేరు వినగానే ఒళ్లు మండింది. తీరా చూస్తే పేరు పెట్టినాయన మనసులో ఉన్నది ఇనుప తుప్పు కాదట, మొక్కలకు పట్టే తుప్పు తెగులు. మన కడప, అనంతపురం రైతులకు వేరుశనగ ఆకుల మీద కనిపించే ఆ జాతి బూజే. చంపినా చావదు కాబట్టి ఆ పేరు నచ్చిందట.

ఈ పేజీలో కంప్యూటర్ భాష గొడవేమిటని కొందరికి అనిపించొచ్చు. కారణం ఉంది. మన రూముల్లో ఐటీఐ చేసినవాళ్లున్నారు, పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లున్నారు, బీఎస్సీ కంప్యూటర్స్ చదివి ఇక్కడ స్టోర్ కీపర్లుగా కుదిరినవాళ్లున్నారు. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 గంటల నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన 2015 నుంచి ఉంది. ఆ నెలల్లో తెల్లారకముందే పనిలోకి దిగి మధ్యాహ్నానికి రూముకు చేరేవాళ్లు చాలామంది. ఒకప్పుడు ఆ వేళ పేకాటో, సినిమానో, నిద్రో. ఇప్పుడు రూముకు ఒకడైనా ఫోను పట్టుకుని కోడింగ్ నేర్చుకుంటున్నాడు. పైథాన్ పట్టుకున్నవాళ్లు ఏదో మేరకు ముందుకు పోతున్నారు. రస్ట్ పట్టుకున్నవాళ్లు మాత్రం దాదాపు అందరూ ఒకే చోట ఆగిపోతున్నారు. 'అరువు తీసుకున్నది తగినంత కాలం బతకడం లేదు' అని కంపైలర్ ఎర్రగా చూపించే చోట. దీన్నే లైఫ్‌టైమ్ ఎర్రర్ అంటారు.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ చోట ఆగిపోవాల్సిన అవసరం అందరికంటే తక్కువ ఉన్నది మనకే. పెద్ద కాలేజీల్లో చదివినవాళ్లకు కొత్తగా నేర్పాల్సిన విషయం మనకు సైటు మీద, సివిల్ ఐడీ మీద ముందే వచ్చు. కాకపోతే ఆ ఎర్రర్ నోరు మూయించే చిట్కాల వెంట పడకుండా, అది చెబుతున్నదేమిటో వినాలి.

ఈ భాష పుట్టుక కూడా మన పనికి దగ్గరిదే. 2006లో కెనడాలోని వాంకోవర్‌లో గ్రేడన్ హోర్ అనే ప్రోగ్రామర్ ఇంటికి వస్తే లిఫ్టు పనిచేయడం లేదు. యంత్రం చెడలేదు, అందులోని సాఫ్ట్‌వేర్ పడిపోయింది. ఆయన ఉండేది 21వ అంతస్తు. మెట్లెక్కుతూ, లిఫ్టు సరిగా నడిచే ప్రోగ్రాం కూడా రాయలేకపోతున్నామే అనుకున్నాడట. మనమైతే లిఫ్టు కంపెనీవాణ్ని నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటాం. ఆయన కొత్త భాషకే ముగ్గు పోశాడు. ఆయన పనిచేసే మొజిల్లా సంస్థ 2009లో దానికి అండగా నిలిచింది. 2015 మే 15న మొదటి స్థిరమైన వెర్షన్ వచ్చింది. 2022 డిసెంబర్‌లో వచ్చిన లినక్స్ 6.1 కెర్నెల్‌లోకీ ఈ భాష అడుగుపెట్టింది.

ఇక అసలు విషయం. ప్రోగ్రాంలో ప్రతి వస్తువుకీ ఒక యజమాని ఉంటాడు. యజమాని పని ముగిసి వెళ్లిపోగానే ఆ వస్తువు మెమరీ నుంచి తుడిచిపెట్టుకు పోతుంది. ఇంకెవరికైనా ఆ వస్తువుతో పనుంటే యజమాని దగ్గర అరువు తీసుకోవచ్చు. ఆ అరువు చీటీ పేరే రెఫరెన్స్. చీటీలో వస్తువు ఉండదు, అది ఎక్కడుందో చిరునామా ఉంటుంది. వస్తువు పోయాక కూడా చీటీ మిగిలి ఉంటే అది ఖాళీ చేసిన రూము చిరునామా లాంటిది. వెళ్లి తలుపు తడితే ఎవరుంటారో, ఏముంటుందో తెలియదు.

స్లాబు సంగతి తీసుకోండి. పోసిన రోజు స్లాబు తన బలం మీద నిలబడదు, జాకీల మీద నిలబడుతుంది. మన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుతో పోస్తే, 4.5 మీటర్ల లోపు స్పాన్ ఉన్న స్లాబుకు జాకీలు 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14 రోజులు. 6 మీటర్లు దాటిన బీముకు 21 రోజులు. జాకీలేమో అద్దెవి. ఐదో రోజు అద్దె యార్డువాడు లారీ తెచ్చి 'నా జాకీలు నాకివ్వు, వేరే సైటుకు పంపాలి' అన్నాడనుకోండి. జాకీలు వాడివే, కాదనలేం. కానీ స్లాబు ఇంకా వాటి మీదే ఆని ఉంది. లారీని గేటు దగ్గరే ఆపే సూపర్వైజర్ ఉండాలి. రస్ట్‌లో ఆ సూపర్వైజర్ పేరు బారో చెకర్, అరువు లెక్కలు చూసేవాడు. 'అరువులో ఉండగా వస్తువును ఇంకొకరికి అప్పగిస్తున్నావు' అంటూ అది ఇచ్చే ఎర్రర్ నంబరు ఈ0505. నంబరు బట్టీ పట్టక్కర్లేదు, లారీని గుర్తుపెట్టుకుంటే చాలు.

సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో గేటు దగ్గర ఇలా ఎవరూ ఉండరు. లారీ వస్తుంది, జాకీలు పోతాయి. చిత్రమేమిటంటే స్లాబు ఆ రోజే పడకపోవచ్చు. పరీక్ష చేసినప్పుడు ప్రోగ్రాం బ్రహ్మాండంగా నడుస్తుంది. మూడు నెలల తర్వాత, ఎక్కడో ఎవరి ఫోనులోనో కూలుతుంది, లేదా దొంగ చేతికి తాళమవుతుంది. తుడిచేసిన మెమరీని మళ్లీ వాడటం వల్ల వచ్చే ఈ తప్పును యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటారు. తమ ఉత్పత్తుల్లో ఏటా దిద్దే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ తప్పులేనని 2019లో మైక్రోసాఫ్ట్ చెప్పింది. 2020లో క్రోమ్ బ్రౌజర్ తయారీదారులు తమ తీవ్రమైన లోపాల్లోనూ సుమారు 70 శాతం ఆ రకమేననీ, అందులో సగం యూజ్ ఆఫ్టర్ ఫ్రీ తప్పులేననీ లెక్క చెప్పారు. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడ్‌ను రస్ట్ వంటి భాషల్లో రాయడం పెంచాక, మెమరీ లోపాల వాటా 2019లో 76 శాతం ఉన్నది 2024కి 24 శాతానికి తగ్గిందని గూగుల్ ప్రకటించింది. ఇది మనకు సంబంధం లేని లెక్క కాదు. మన మొబైల్ ఐడీ, సహెల్ యాప్, ఇంటికి డబ్బు పంపే యాప్, అన్నీ ఉన్నది ఆ ఆండ్రాయిడ్ ఫోనులోనే కదా.

ఇప్పుడు ఈ ఎర్రర్‌ను సరిచేయడం ఎలాగో మా రూములో జరిగిన ఒక పని మీదే చెబుతాం. రాజంపేట వైపు కుర్రాడొకడు, ఎలక్ట్రికల్ డిప్లొమా, ఓటీ లెక్కలు చూసే చిన్న ప్రోగ్రాం మొదలుపెట్టాడు. 2010 నాటి ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం మామూలు ఓటీ గంటకు 25 శాతం ఎక్కువ ఇవ్వాలి, వారపు సెలవు రోజున చేయిస్తే కనీసం 50 శాతం ఎక్కువ. నెలాఖరుకు జీతం చీటీ వస్తే అందులో ఓటీ సరిగా ఉందో లేదో చూసుకునే దిక్కు లేదు. ఎవరి గంటలు వాళ్లు సిగరెట్ పెట్టె మీద రాసుకోవడమే. అందుకని రోజుకో హాజరు పట్టీ ఫైలు, నెలకో రిజిస్టరు, చివర్లో ఒక్కొక్కరి మొత్తం, ఇదీ ఆ ప్రోగ్రాం ఏర్పాటు.

ప్రోగ్రాం రోజుకో ఫైలు తెరిచి చదువుతుంది. ఒక్కో లైనులో పేరు, ట్రేడు, గంటలు. చదివినవాటిని నెల రిజిస్టరులో చేరుస్తుంది. పేరును రిజిస్టరులోకి ఎక్కించేటప్పుడు మనవాడు పేరు రాయలేదు, 'పేరు కోసం ఆ రోజు పట్టీ చూడు' అని చీటీ పెట్టాడు. అంటే స్ట్రింగ్ బదులు రెఫరెన్స్. మొదట కంపైలర్ ఈ0106 అంది, 'లైఫ్‌టైమ్ గుర్తు రాయలేదు' అని. అదే చూపించిన ప్రకారం టిక్ గుర్తు పెట్టి పక్కన 'ఎ' అని రాశాడు. అది పోయింది, ఈ0597 వచ్చింది. గుర్తును ఇంకో నాలుగు చోట్ల పెట్టాడు. ఈ0597 కదల్లేదు.

"అన్నా, అడిగిన చోటల్లా గడువు రాసినా ఇది ఒప్పుకోవడం లేదు."

"గడువు రాశావు సరే నాయనా, కాగితం ఎక్కడుంది?"

కాగితం లేదు. రోజు పట్టీని లూపు లోపల చదివాడు. లూపులో ఒక తిరుగుడు పూర్తికాగానే ఆ పట్టీ యజమాని పోతాడు, పట్టీ చెత్తబుట్టలోకి పోతుంది. నెల రిజిస్టరు మాత్రం లూపు బయట నెలాఖరు దాకా బతుకుతుంది. సాయంత్రానికి చింపేసే పట్టీని చూడమని నెల రిజిస్టరులో రాస్తే ఏ టైమ్ కీపర్ ఒప్పుకుంటాడు?

ఇక్కడే అందరూ పొరబడే ముఖ్యమైన విషయం ఉంది. టిక్ గుర్తు పెట్టి రాసే లైఫ్‌టైమ్ ఏ వస్తువు ఆయుష్షునూ పెంచదు. 'ఈ రికార్డు తాను చూపించే కాగితం కంటే ఎక్కువ కాలం బతకదు' అని అది ఒక మాట చెబుతుంది, అంతే. ఆ మాట నిజమో కాదో కంపైలర్ చూస్తుంది. పరంజాకు కట్టే పచ్చ ట్యాగ్ తెలుసు కదా, వారానికోసారి తనిఖీ చేసి తేదీ వేసేది. ఆ ట్యాగ్ మీద వచ్చే ఏడాది తేదీ వేసినంత మాత్రాన వదులైన క్లాంపు బిగుసుకోదు. పరంజాను నిలబెట్టేది క్లాంపు, ట్యాగ్ కాదు. అకామా తేదీ దిద్దినవాడు ఎయిర్‌పోర్టులో ఏమవుతాడో వేరే చెప్పాలా?

కాబట్టి మనవాడి ముందున్న అసలు ప్రశ్న గుర్తు ఎక్కడ పెట్టాలన్నది కాదు, పేరుకు యజమాని ఎవరన్నది. నెల రిజిస్టరుకు నెలంతా ఆ పేరుతో పనుంది కాబట్టి పేరు రిజిస్టరు సొంతం కావాలి. స్ట్రక్ట్‌లో రెఫరెన్స్ తీసేసి స్ట్రింగ్ పెట్టాడు. పెట్టిన టిక్ గుర్తులన్నీ తీసేయాల్సి వచ్చింది. ప్రోగ్రాం నడిచింది. ఇంకో దారి కూడా ఉంది. 30 రోజుల పట్టీలనూ లూపు బయటే ఒక కట్టగా చదివి పెట్టుకుని, నెలాఖరు దాకా ఆ కట్ట చెదరకుండా ఉంచి, దానిమీద అరువులు తీసుకోవచ్చు. ఫైళ్లు చాలా పెద్దవైతే, ప్రతి పేరునూ మళ్లీ రాయడం దండగ అనిపిస్తే అదే మేలు. 20 మంది గ్యాంగు హాజరుకు అంత అవసరం లేదు.

ఇదే పని సీలో చేసి ఉంటే ఎర్రర్ వచ్చేది కాదు. మొదటి రోజు పట్టీ ఉన్న మెమరీలోకే రెండో రోజు పట్టీ వచ్చి కూర్చోవచ్చు. చీటీ మాత్రం పాత చోటునే చూపిస్తుంది. ఒకడి గంటలు ఇంకొకడి పేరు మీద పడొచ్చు. అలాంటి లెక్క పట్టుకుని ఆఫీసుకు వెళ్లి ఓటీ తక్కువ ఇచ్చారని వాదిస్తే ఏమవుతుంది? ఆ తర్వాత న్యాయమైన లెక్క తీసుకెళ్లినా ఎవరూ చూడరు. ఆ ఎర్రని అక్షరాలు మనవాణ్ని కాపాడింది దీన్నుంచి.

ఎర్రర్ చదివే పద్ధతి కూడా చెప్పాలి. చాలామంది మొదటి లైను చదివి బెంబేలెత్తిపోతారు. లైఫ్‌టైమ్ ఎర్రర్‌లో మామూలుగా మూడు బాణాలుంటాయి. అరువు ఎక్కడ తీసుకున్నారు, వస్తువు ఎక్కడ పోయింది, పోయాక ఆ అరువును మళ్లీ ఎక్కడ వాడారు. మేం కింది నుంచి పైకి చదవమంటాం. ముందు మూడో బాణం చూడండి. ఆ వాడకం అక్కడ నిజంగా అవసరమా? కాకపోతే దాన్ని ముందుకు జరిపితే సగం ఎర్రర్లు పోతాయి. ఎందుకంటే చివరిసారి వాడిన చోటుతో అరువు తీరిపోయినట్టే లెక్క. మొదట్లో ఇలా ఉండేది కాదు, బ్రాకెట్ మూసేదాకా అరువు నడుస్తున్నట్టే లెక్కేసేవారు. 2018 డిసెంబర్‌లో వచ్చిన 1.31 వెర్షన్‌తో ఈ వెసులుబాటు వచ్చింది. ఇంకా అర్థం కాకపోతే కంపైలర్‌నే ఎక్స్‌ప్లెయిన్ అని అడిగి నంబరు ఇవ్వండి, ఉదాహరణతో సహా పాఠం చెబుతుంది. ఇంత ఓపికగా చెప్పే ఫోర్‌మన్ మాకు ఇంతవరకు ఏ సైటులోనూ తగల్లేదు.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. ఫంక్షన్ లోపల తయారుచేసిన స్ట్రింగ్‌కు రెఫరెన్స్ బయటికి ఇవ్వాలని చూస్తే ఈ0515 వస్తుంది. రూము ఖాళీ చేసి వెళ్తూ ఆ రూము తాళం చెవి మిత్రుడికిచ్చినట్టు. దానికి చికిత్స ఒక్కటే, స్ట్రింగ్‌నే ఇచ్చేయడం. ఎన్ని టిక్ గుర్తులు పెట్టినా ఇక్కడ లాభం లేదు. ఈ0716 అంటే పేరు పెట్టని తాత్కాలిక వస్తువు మీద అరువు. హాజరులో పేరు ఎక్కించని రోజు కూలీ, ఆ లైను అయిపోగానే వెళ్లిపోతాడు. ముందు లైనులో దానికో పేరు పెట్టి ఉంచుకుంటే చాలు. రెండు రెఫరెన్సులు తీసుకుని ఒక రెఫరెన్స్ తిరిగిచ్చే ఫంక్షన్‌లో మాత్రం, ఇచ్చేది ఎవరి సొమ్మో బయటివాళ్లకు తెలియాలి కాబట్టి టిక్ గుర్తు రాయక తప్పదు. తీసుకునేది ఒక్కటే అయితే రాయక్కర్లేదు, కంపైలరే ఊహించుకుంటుంది.

ఈ0502 కొంచెం ఆగి చూడాల్సిందే. కార్మికుల జాబితాలో మొదటివాడి మీద రెఫరెన్స్ పట్టుకుని, అదే జాబితాలోకి కొత్తవాణ్ని చేర్చి, మళ్లీ మొదటివాణ్ని చూడబోతే ఇది వస్తుంది. చేరిస్తే తప్పేమిటి, మొదటివాడు అక్కడే ఉన్నాడు కదా అంటాడు నేర్చుకునేవాడు. ఉండకపోవచ్చు. జాబితాకు ఇచ్చిన జాగా నిండిపోతే మొత్తాన్నీ పెద్ద జాగాకు తరలిస్తారు. క్యాంపు నిండిపోయిందని అందరినీ కొత్త బిల్డింగుకు మార్చినట్టు. మన చీటీలో పాత బిల్డింగు నంబరే ఉంటుంది. దీనికి మందు, మనిషి చిరునామా బదులు అతని సీరియల్ నంబరు పట్టుకోవడం. బిల్డింగు మారినా రిజిస్టరులో మూడో నంబరు మూడో నంబరే. ఒక రికార్డు తనలోని భాగాన్నే తాను చూపించుకోవాలనుకునే చోట కూడా ఇదే దారి మేలు.

ఇక చిట్కాల సంగతి. వీడియో పాఠాల్లో ఎక్కువగా వినిపించేవి రెండు. ఎర్రర్ వచ్చిన చోటల్లా క్లోన్ పెట్టు, అది కుదరకపోతే స్టాటిక్ పెట్టు. షువైఖ్ సనాయియాలో తిరిగినవాళ్లకు తెలిసే ఉంటుంది, పాత కారు అమ్మేముందు కొనేవాడికి కనబడకుండా ఇంజిన్ లైటు బల్బు తీయించే రకాలుంటాయి. ఎక్కడపడితే అక్కడ పెట్టే స్టాటిక్ మా దృష్టిలో అలాంటిదే. ఆ రెఫరెన్స్ ప్రోగ్రాం మొత్తం బతికే వస్తువునే చూపించాలని దానర్థం. మనం పనిచేసే చోట పర్మనెంట్ రెసిడెన్సీ రాసేస్తే వస్తుందా? రాదు. ఆ షరతు పైవాడి మీద పడుతుంది, వాడు తన పైవాడి మీద వేస్తాడు, చివరికి ఎర్రర్ ఇంకో ఫైలులో తేలుతుంది. థ్రెడ్ల దగ్గర వచ్చే ఈ0373లో స్టాటిక్ అన్న మాట కనిపించగానే భయపడొద్దు. అక్కడ అడిగేది శాశ్వతంగా బతకమని కాదు, మధ్యలో పోయే అరువు సొమ్ము పట్టుకుని రావద్దని. సొంత వస్తువును మూవ్ అని అప్పగిస్తే సరిపోతుంది. అరువుతోనే పని కావాలంటే, ఆ థ్రెడ్లు ముగిసేదాకా యజమాని కదలకుండా ఉండే స్కోప్డ్ థ్రెడ్లు 2022 ఆగస్టు నాటి 1.63 వెర్షన్ నుంచి ఉన్నాయి.

క్లోన్ విషయంలో మేం అంత కఠినంగా లేం. అది జిరాక్సు. బతాకా జిరాక్సు ఎన్నో పనులకు పనికొస్తుంది, పైగా చవక. నేర్చుకునేవాడు పది పేర్లకు క్లోన్ వాడితే కొంపలేం మునగవు. కానీ అసలు కార్డులో చిరునామా మారితే జిరాక్సులో మారదని గుర్తుండాలి. గంటలు దిద్దాల్సింది అసలు రికార్డులో అయితే, జిరాక్సులో దిద్ది అసలును అలాగే వదిలేస్తే కంపైలర్ ఏమీ అనదు, ఎర్రర్ రాదు, లెక్క మాత్రం తప్పుతుంది. ఎర్రర్ రాని తప్పు ఎర్రర్ వచ్చే తప్పు కంటే చెడ్డది. అందుకే క్లోన్ రాసే ముందు, ఇక్కడ నాకు కావాల్సింది జిరాక్సా, అసలా అని ఒక్కసారి అడుగుకోమంటున్నాం.

బారో చెకర్ ఎప్పుడూ ధర్మరాజే అని మేం అనం. కొన్ని సరైన ప్రోగ్రాంలను కూడా అది ఇవాళ్టికీ ఒప్పుకోదు. తాడు, హుక్కు అన్నీ సరిగ్గా ఉన్నా ఫారం నింపలేదని పని ఆపే సేఫ్టీ ఆఫీసరు లాంటి రోజులు దానికీ ఉంటాయి. చిరాకేస్తుంది. అయినా ఏ ఫారమూ అడగనివాడి కింద పనిచేయడం కంటే ఇదే నయం అని ఎత్తున పనిచేసినవాడు ఎవరైనా అంటాడు.

ఒక హెచ్చరిక కూడా. మూడు నెలల్లో రస్ట్, లక్షల్లో జీతం అని ఫోనులో వచ్చే ప్రకటనలు చూసి ఎవరూ ఉన్న పని వదులుకోవద్దు. వాళ్లకు ఫీజు కట్టాల్సిన అవసరమూ లేదు. ఈ భాషకు స్టీవ్ క్లాబ్నిక్, కరోల్ నికోల్స్ రాసిన పుస్తకం నెట్‌లో ఉచితం. యజమాని, అరువు సంగతులు నాలుగో అధ్యాయంలో, లైఫ్‌టైమ్ పదో అధ్యాయంలో ఉన్నాయి. రస్ట్‌లింగ్స్ అనే చిన్న చిన్న అభ్యాసాలూ ఉచితమే. లాప్‌టాప్ లేనివాళ్లు రస్ట్ ప్లేగ్రౌండ్‌ను ఫోను బ్రౌజర్‌లోనే తెరిచి రాసుకోవచ్చు. కొత్తవాళ్లకు రస్ట్ ఉద్యోగాలు తక్కువే, అది దాచిపెట్టి లాభం లేదు. కానీ యజమాని ఎవరు, అరువు ఎందాకా అని ఆలోచించడం అలవాటైనవాడు తర్వాత ఏ భాష పట్టుకున్నా నిలబడతాడని మా నమ్మకం. 2018 నుంచి ఇక్కడ ఇంజనీరు హోదాతో అకామా కావాలంటే చదివిన కాలేజీకి ఎన్‌బీఏ గుర్తింపు ఉందా అని చూస్తున్నారు. బీటెక్ చదివి కూడా ఆ హోదా దక్కనివాళ్లు మన మధ్యే ఉన్నారు. డిప్లొమావాళ్ల మాట చెప్పేదేముంది. కంపైలర్ మాత్రం ఎవరినీ కాలేజీ పేరు అడగదు. రాసింది సరిగా ఉందా లేదా, అదొక్కటే చూస్తుంది.

అడ్డమల్లా ఇంగ్లీషు. ఎర్రర్ మాటలు ఇంగ్లీషులో ఉంటాయి, వివరించే వీడియోలూ చాలావరకు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఈ భాషతో పనిచేస్తున్న తెలుగువాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లు వారానికి ఒక్క ఎర్రర్ తీసుకుని తెలుగులో నాలుగు వాక్యాలు రాసినా షువైఖ్, ఖైతాన్, మహబూలా రూముల్లో కూర్చున్నవాళ్లకు ఎంతో మేలు. మా వంతుగా గురువారం రాత్రుళ్లు కూర్చుని, పైన చెప్పిన ఎర్రర్లన్నిటికీ సైటు పోలికలతో ఒక పెద్ద అట్ట మీద తెలుగులో రాసి ఫ్రిజ్ పక్కన అంటించాం. ఒకే వస్తువును ఇద్దరు ఒకేసారి మార్చబోయే ఈ0499కు, ఒకే క్రేనుకు ఇద్దరు సైగలు ఇవ్వడం అని రాశాం. అరువు సొమ్ము ఫంక్షన్ దాటి బయటికి జారిపోయే ఈ0521 ఒక్కదానికి మాత్రం ఇంకా సరైన పోలిక తట్టలేదు. స్టోర్స్‌లో పనిచేసే మిత్రులకెవరికైనా తడితే చెప్పండి, అట్ట మీద దానికి జాగా వదిలిపెట్టాం.